నినెల్: ఒక ఆడపేరు చరిత్ర

రాజుల పేర్లూ, యుద్ధాల పేర్లూ, రాజధానుల పేర్లూ చరిత్ర పుస్తకాల నిండా ఉంటాయి. సామాన్య స్త్రీల పేర్లను చరిత్రకు ఆధారంగా తీసుకున్నవాళ్లు మాత్రం తక్కువ. ఇది పెద్ద లోపమని నా ఉద్దేశం. ఒక సమాజం ఆడపిల్లకు ఎలాంటి పేరు పెడుతుంది? ఆ పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటుంది? ఆ పిల్ల పెద్దదై ఆ పేరును ఏం చేసుకుంటుంది? ఈ మూడు ప్రశ్నలకూ సమాధానాలు వెతికితే, ఆ సమాజంలో స్త్రీ స్థానం గురించి శాసనాలు చెప్పని సంగతులు కూడా బయటపడతాయి. సోవియట్ పండితుడు వ్లదీమిర్ నికోనోవ్ 1974లో ప్రకటించిన గ్రంథానికి "పేరూ సమాజమూ" అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టటం ఊరికే కాదు. పేరు వ్యక్తిది, పేర్ల పద్ధతి సమాజానిది.

ఇక్కడ నేను ఒకే ఒక పేరు తీసుకుంటున్నాను. అది "నినెల్". అక్టోబరు విప్లవానికి ముందు రష్యాలో ఈ పేరు లేదు. విప్లవం తరవాత పుట్టింది. ఎన్నడూ విరివిగా వ్యాపించలేదు గాని, దాని తోబుట్టువులు చాలా వరకు నశించిన తరవాత కూడా బతికింది. ఎందుకు పుట్టింది, ఎందుకు బతికింది అన్నదే ఇప్పటి విచారణ.

మొదట దాని నిర్మాణం చూద్దాం. లెనిన్ అనే మాటను రష్యన్ లిపిలో అయిదు అక్షరాలతో రాస్తారు. మన లిపిలో హల్లూ అచ్చూ కలిసి ఒక అక్షరమవుతాయి గనక "లెనిన్"ను తిరగేస్తే మనకేమీ రాదు. రష్యన్‌లో హల్లూ అచ్చూ దేనికది విడిగా ఉంటుంది: ల్, ఎ, న్, ఇ, న్. వీటిని చివరినుంచి మొదటికి చదివితే న్, ఇ, న్, ఎ, ల్ అవుతుంది. అదే నినెల్.

అయితే ఇంతటితో ఆడపేరు తయారు కాలేదు. రష్యన్‌లో హల్లుతో ముగిసే నామవాచకం సాధారణంగా పుంలింగం. అంచేత చివర "మెత్తని గుర్తు" అనే మరో అక్షరం చేర్చారు. దానికి సొంత ధ్వని లేదు, ముందున్న హల్లును మెత్తబరచటమే దాని పని. ఈ గుర్తుతో ముగిసే స్త్రీలింగ పదాలు రష్యన్‌లో కొల్లలు. "ల్యుబోవ్" అంటే ప్రేమ. అది పూర్వంనుంచీ ఆడవాళ్ల పేరు కూడా. ఆ పేరు చివరా ఇదే గుర్తు ఉన్నది. ఈ ఒక్క గుర్తు చేరటంతో నినెల్ వ్యాకరణరీత్యా స్త్రీ అయింది, ఆడపేర్ల వరసలో చోటు సంపాదించుకున్నది. ఈ చిన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు దీనితో పని ఉన్నది.

మరో విశేషం. వ్లదీమిర్ ఇల్యీచ్ ఉల్యానొవ్ 1901 నుంచి "లెనిన్" అనే మారుపేరుతో రాశాడు. అంతకు ముందు, 1899లో, రష్యాలో పెట్టుబడిదారీ విధానం అభివృద్ధి గురించి రాసిన గ్రంథాన్ని "ఇల్యిన్" పేరుతో అచ్చు వేయించాడు. "లెనిన్" అనేది సైబీరియాలోని లేనా నదినుంచి వచ్చిందని చాలామంది అంటారు. లేనా బంగారు గనుల్లో కార్మికులను కాల్చి చంపిన దానికి నిరసనగా పెట్టుకున్నాడనే మాట మాత్రం నిలవదు. ఆ కాల్పులు జరిగింది 1912లో. వ్యాకరణం సంగతి చూస్తే, రష్యన్‌లో ఆకారంతో ముగిసే పేరుకు "-ఇన్" చేరిస్తే "ఫలానా ఆమెకు చెందిన" అనే అర్థం వస్తుంది. లేనా అనేది నదికే కాదు, ఆడపిల్లలకూ పేరు. అంటే "లెనిన్" అనే మాటకు వ్యాకరణం చెప్పే అర్థం "లేనాకు చెందినవాడు". స్త్రీలింగ పదంనుంచి పుట్టిన మగపేరు తిరగబడి మళ్లీ ఆడపేరయిందన్నమాట. పేరు కల్పించినవాళ్లు ఇంతదూరం ఆలోచించి ఉండకపోవచ్చు. భాష చేసే పనులన్నీ మనుషులకు తెలిసి జరగవు.

ఇక పేరు పెట్టే అధికారం సంగతి. జారిస్టు రష్యాలో జననాల పుస్తకం చర్చి చేతిలో ఉండేది. ఆర్థడాక్స్ మతస్థుల బిడ్డకు బాప్తిజం ఇచ్చే పూజారి మహాపురుషుల పంచాంగంలోనుంచి పేరు తీసి పెట్టేవాడు. ఆ పంచాంగంలో మగపేర్లతో పోలిస్తే ఆడపేర్లు చాలా తక్కువ. మతం దృష్టిలో పునీతులైన స్త్రీలే తక్కువ గనక పేర్లూ తక్కువే. అంచేత ఒకే ఊళ్లో మరియాలూ, అన్నాలూ, ప్రస్కోవ్యాలూ గుంపులు గుంపులుగా ఉండేవాళ్లు.

మనకు ఇది కొత్త సంగతి కాదు. జన్మనక్షత్రాన్ని బట్టి పేరులో మొదటి అక్షరం నిర్ణయించే పురోహితుడు మనకు ఉన్నాడు. పిల్లలు పుట్టి పోతూంటే, తరవాత పుట్టినదాన్ని పెంటమీద వేసి ఎత్తుకుని పెంటమ్మ అని పిలవటం మన పల్లెల్లో ఉన్నది. కులం తక్కువవాళ్లు మంచి పేరు పెట్టుకుంటే భూస్వాములు సహించక, దాన్ని విరిచి నీచంగా పిలిచిన రోజులు మన పెద్దలకు తెలుసు. ఫ్యూడల్ సమాజంలో పేరు కూడా ఒక రకం ఆస్తే. దాని పంపకమూ ఆస్తి పంపకంలాగే జరుగుతుంది.

సోవియట్ ప్రభుత్వం ఏర్పడి రెండు నెలలు కూడా నిండక ముందే, 1917 డిసెంబరులో, వివాహాలూ జననాలూ నమోదు చేసే పనిని చర్చినుంచి తీసి పౌర కార్యాలయాలకు అప్పగిస్తూ ఉత్తర్వు వచ్చింది. 1918 మార్చిలో పౌరులు తమ ఇంటిపేర్లు మార్చుకునే హక్కు ప్రకటించారు. అదే సంవత్సరం వచ్చిన కుటుంబ చట్టం ప్రకారం పెళ్లి చేసుకున్నవాళ్లు భర్త ఇంటిపేరు గాని, భార్య ఇంటిపేరు గాని, రెండూ కలిపి గాని పెట్టుకోవచ్చు. ఆ కాలానికి ఇది ఎంత పెద్ద మార్పో వేరే చెప్పనక్కర్లేదు. నినెల్ అనే పేరు సాధ్యం కావటానికి అసలు కారణం ఈ ఉత్తర్వులే. పంచాంగం మూతపడింది. పుస్తకంలో ఖాళీ పేజీ కనిపించింది.

ఆ ఖాళీ పేజీ మీద జనం ఉత్సాహంగా రాశారు. 1923 ప్రాంతంలో కర్మాగారాల క్లబ్బుల్లో బాప్తిజానికి బదులు "అక్టోబరు చేయటం" అనే వేడుక మొదలైంది. ఎర్రజెండా కింద సభ జరిగేది. పార్టీ శాఖవారో, కార్మిక సంఘంవారో బిడ్డకు పెద్దలుగా నిలిచేవాళ్లు. సభలో పేరు ప్రకటించేవాళ్లు. ఆ సంవత్సరమే దైనందిన జీవితం గురించి ట్రాట్‌స్కీ "ప్రావ్దా"లో రాసిన వ్యాసాల్లో, కార్మికులు పిల్లలకు పెడుతున్న కొత్త పేర్లలో నినెల్ ప్రస్తావన వస్తుంది.

ఈ తేదీ ముఖ్యమైనది. లెనిన్ మరణించింది 1924 జనవరి 21న. అంటే నినెల్ మరణించిన నాయకుడికి స్మారకంగా పుట్టిన పేరు కాదు. అది బతికి ఉన్న మనిషి మీద, నడుస్తున్న విప్లవం మీద ఉన్న ఆశలోనుంచి పుట్టింది. ఆయన పోయిన తరవాత పెట్టిన నినెల్‌లకు స్మారక స్వభావం వచ్చింది గాని, ఆరంభం అది కాదు.

ఆ కాలంలో పుట్టిన పేర్లు అనేకం. మార్క్స్, లెనిన్ కలిసి "మార్లెన్" అయింది. సినిమా దర్శకుడు మార్లెన్ హుత్సియేవ్ 1925లో పుట్టినవాడు. వ్లదీమిర్, లెనిన్ కలిసి "వ్లద్‌లెన్" అయింది, ఆడపిల్లయితే చివర ఆకారం చేర్చి "వ్లద్‌లెనా". "అక్త్యాబ్రీనా" అక్టోబరునుంచి వచ్చింది. లెనిన్ నడిపిన పత్రిక పేరు "ఇస్క్రా", అంటే నిప్పురవ్వ. అదీ ఆడపిల్లల పేరయింది. బారికేడు, పరిశ్రమ, విద్యుత్తు కూడా పిల్లల పేర్లయినాయి. మూడు నాలుగు మాటల నినాదాన్ని కుదించి చేసిన పేర్లు కూడా చెబుతారు. వాటిలో కొన్ని నిజంగా పుస్తకాల కెక్కినవి, కొన్ని చమత్కారం కోసం కల్పించినవి.

1991 తరవాత సోవియట్ వ్యవస్థను వెక్కిరించదలచినవాళ్లకు ఈ జాబితా మంచి ఆయుధమైంది. "చూశారా, పిల్లలకు ట్రాక్టరు పేర్లు పెట్టారు" అంటారు. ఈ వెక్కిరింత మీద నాకేమీ గౌరవం లేదు. వెయ్యేళ్లు పూజారి పెట్టిన పేరుతో బతికిన రైతుబిడ్డకు విద్యుద్దీపం అపురూపమే. ఆ అపురూపాన్ని బిడ్డకు పేరుగా పెట్టుకోవటంలో నవ్వదగింది లేదు.

కాని మనవైపునుంచి అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. అది వెక్కిరింత కాదు, విమర్శ. ఆడపిల్ల పేరును మతంనుంచి విడిపించి నాయకుడికి ముడివేస్తే ఆమెకు ఒరిగిందేమిటి? పైగా ఆ పేరు అద్దంలో కనిపించే ప్రతిబింబం. మగవాడి పేరును తిరగేస్తే వచ్చింది. దానికి వెనక తండ్రి పేరు ఎలాగూ ఉన్నది. రష్యన్ పద్ధతిలో నినెల్ అలెక్సాంద్రవ్నా అంటే అలెక్సాందర్ కూతురు నినెల్. విప్లవం చర్చిని తీసేసింది గాని తండ్రి పేరును తియ్యలేదు. ముందొక పురుషుడూ, వెనకొక పురుషుడూ, మధ్య ఆ పిల్ల.

ఈ ప్రశ్నకు మొదటి సమాధానం చెప్పింది, చిత్రంగా, నదేజ్దా క్రూప్‌స్కయా. భర్త మరణించి పదిరోజులు కాకముందే, 1924 జనవరి 30న "ప్రావ్దా"లో ఆమె విజ్ఞప్తి వెలువడింది. ఆయన మీది దుఃఖాన్ని బాహ్యపూజగా మార్చవద్దనీ, విగ్రహాలు నిలపవద్దనీ, భవనాలకు ఆయన పేరు పెట్టవద్దనీ ఆమె కోరింది. ఆయనను గౌరవించదలిస్తే శిశుశాలలూ, బడులూ, గ్రంథాలయాలూ, ఆసుపత్రులూ కట్టమన్నది. ఆమె మాట ఎవరూ వినలేదు. అప్పటికే పెట్రోగ్రాడ్ లెనిన్‌గ్రాడ్ అయింది. ఆ సంవత్సరమే సింబీర్‌స్క్ ఉల్యానొవ్‌స్క్ అయింది.

క్రూప్‌స్కయా చెప్పినదాంట్లో స్త్రీల సమస్య సూటిగా ఉన్నది. నినెల్ తల్లికి కావలసింది శిశుశాల. అది ఉంటేనే ఆమె కర్మాగారానికి వెళ్లగలదు, సాయంకాలం చదువుకోగలదు. శిశుశాల కట్టటానికి ఇటుకలు కావాలి, డబ్బు కావాలి, పనివాళ్లు కావాలి. పేరు పెట్టటానికి ఏమీ అక్కర్లేదు. అంచేత ఏ ఉద్యమంలోనైనా పేర్లు ముందు వస్తాయి, శిశుశాలలు తరవాత వస్తాయి. కొన్నిచోట్ల రానే రావు. న్యాయంగా చెప్పాలంటే సోవియట్ దేశంలో వచ్చాయి, చాలా వచ్చాయి. అయినా 1919లో ఏర్పడిన పార్టీ స్త్రీ విభాగాన్ని 1930లో మూసివేశారు. 1920లో చట్టసమ్మతమైన గర్భస్రావాన్ని 1936లో మళ్లీ నిషేధించారు. 1926లో పుట్టిన నినెల్‌కు అప్పుడు పదేళ్లు. పేరు విప్లవానిదే, చట్టం మాత్రం వెనక్కి నడిచింది. పేరు ఒక్కటే ఎవరినీ కాపాడదనటానికి ఇంతకన్న రుజువు అక్కర్లేదు.

రెండో సమాధానం కాలం చెప్పింది. "స్తాలినా" అనే ఆడపేరు కూడా ఆ రోజుల్లో పుట్టింది. 1956లో జరిగిన 20వ పార్టీ మహాసభ తరవాత ఆ పేరు పెట్టేవాళ్లు లేకపోయారు. పెట్టుకున్నవాళ్లలో కొందరు మార్చుకున్నారు. 1961లో స్తాలిన్‌గ్రాడ్ వోల్గాగ్రాడ్ అయింది. నాయకుడి పేరు మీద నిలిచిన పేరు నాయకుడి ప్రతిష్ఠతో పాటు పడిపోయింది. నాయకుడి పేరే కారణమైతే, 1991లో లెనిన్‌గ్రాడ్ తిరిగి సాంక్త్ పితిర్‌బుర్గ్ అయినప్పుడు నినెల్ కూడా సిగ్గుపడవలసిన పేరు కావాలి. కాని అలా కాలేదు. నినెల్‌లు నినెల్‌లుగానే ఉన్నారు. ఎందుచేత?

ఇక్కడే ఆ మెత్తని గుర్తు సంగతి మళ్లీ వస్తుంది. నినెల్ అనే పేరు పలకటానికి నినాదంలా ఉండదు. నీనా అనే పాత పేరుకూ, నెల్లీ అనే పేరుకూ దగ్గరగా ఉంటుంది. ఇంట్లో తల్లి దాన్ని "నీనా" అన్నది, "నేల్యా" అన్నది. బడిలో స్నేహితురాళ్లూ అలాగే పిలిచారు. ఏ పేరైనా బతికేది రిజిస్టరులో కాదు, పిలుపులో. "పరిశ్రమ" అనే పేరున్న పిల్లను తల్లి ముద్దుగా ఏమని పిలుస్తుంది? ఆ పేరుకు ముద్దుపేరు దొరకదు. అంచేత అది సభలో పుట్టి సభతోనే ఆగిపోయింది. నినెల్ సభలో పుట్టి వంటింట్లోకీ వీధిలోకీ వచ్చింది. వచ్చిన తరవాత, దాన్ని తిరగేసి చూడాలనే ఆలోచన కూడా చాలామందికి రాలేదు.

దీనికి మరో సాక్ష్యం "స్వెత్లానా". ఈ పేరు చర్చి పంచాంగంలో లేదు. 19వ శతాబ్ది ఆరంభంలో కవులు కల్పించి కావ్యాల్లో వాడారు. 1813లో వచ్చిన జుకోవ్‌స్కీ గేయకథతో దేశమంతా తెలిసింది. వందేళ్లపాటు అది చదువరుల అభిమాన నామమే గాని, బాప్తిజానికి పనికిరాలేదు. 1917 తరవాత అడ్డు తొలగింది, లక్షల ఇళ్లలోకి వెళ్లింది. వెలుగు అనే అర్థమూ, ఆడపేరుకు సహజమైన ముగింపూ దానికి తోడ్పడినాయి. విప్లవం తలుపు తీస్తుంది. లోపలికి ఎవరు రావాలో, వచ్చినవాళ్లలో ఎవరు ఉండిపోవాలో భాష నిర్ణయిస్తుంది. భాష అంటే కోట్లమంది నోళ్లు గనక, ఈ నిర్ణయం ప్రజలది.

దేశం మారితే నిర్ణయం కూడా మారుతుంది. రుమేనియాలో నినెల్ మగవాళ్ల పేరు. అక్కడ "-ఎల్" అనేది యొనెల్, కొస్తెల్ వంటి మగపేర్లలో వచ్చే ముగింపు. అదే శబ్దం మెక్సికోలో ఆడపేరు. 1976లో పుట్టిన గాయని, నటి నినెల్ కొందే ఇందుకు ఉదాహరణ. అక్షరాలు ఎవరు కూర్చినా, లింగం మాత్రం వాడేవాళ్ల భాషే ఇస్తున్నది.

మూడో సమాధానం, నా దృష్టిలో అన్నిటికన్న విలువైనది, ఆ పేరు మోసిన స్త్రీలు చెప్పారు. 1920లలో పుట్టినవాళ్లు యుద్ధం నాటికి పదిహేను ఇరవై ఏళ్లవాళ్లు. సోవియట్ సైన్యంలో పనిచేసిన సుమారు 8 లక్షల మంది స్త్రీలలో ఎక్కువమంది ఈ తరంవాళ్లే. యుద్ధం తరవాత దేశాన్ని తిరిగి కట్టిందీ వీళ్లే.

నినెల్ కుర్గాప్‌కినా 1929లో లెనిన్‌గ్రాడ్‌లో పుట్టింది. అగ్రిప్పీనా వగానొవా దగ్గర బాలే నేర్చుకుని 1947లో కీరొవ్ నాట్యశాలలో చేరింది. 1974లో సోవియట్ యూనియన్ ప్రజాకళాకారిణి బిరుదు పొందింది. నాట్యం మానిన తరవాత చాలా ఏళ్లు పిల్లలకు నేర్పి 2009లో మరణించింది. గురువు పేరు చర్చి పంచాంగంలోది, శిష్యురాలి పేరు విప్లవానిది. విద్య మాత్రం ఒకే ధార. పాత సంస్కృతిలోని శ్రేష్ఠమైనదాన్ని శ్రామికవర్గం తనదిగా చేసుకోవాలనే సిద్ధాంతానికి ఈ రెండు పేర్లకన్న స్పష్టమైన దృష్టాంతం నేను విద్యార్థులకు చూపించలేను.

నినెల్ మీష్‌కొవా 1926లో పుట్టిన సినిమా నటి. 1952లో వచ్చిన "సద్కో"లోనూ, 1956లో వచ్చిన "ఇల్యా మూరొమెత్స్"లోనూ జానపద కథానాయికల పాత్రలు ధరించింది. అలెక్సేయ్ తల్‌స్తోయ్ కథ ఆధారంగా 1965లో తీసిన "గద్యూకా"లో ఆమె అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన స్త్రీ. యుద్ధం ముగిసి, వ్యాపారులు మళ్లీ తలెత్తిన కొత్త ఆర్థిక విధానపు రోజుల్లో ఆ స్త్రీకి ఇమడటానికి చోటు దొరకదు. పోరాటంలో చోటు ఇచ్చి శాంతికాలంలో ఇవ్వని సమాజాన్ని గురించిన కథ అది. ఆ పాత్రను నినెల్ అనే పేరుగల స్త్రీ ధరించటం యాదృచ్ఛికమే. అయినా మన ప్రశ్నకు అది చాలా దగ్గరగా వస్తున్నది.

నినెల్ క్రూతొవా కూడా 1926లోనే పుట్టింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎత్తునుంచి నీటిలోకి దూకే పోటీలో కాంస్య పతకం గెలిచింది. అప్పటికి ఆమెకు 34 ఏళ్లు. ఆ పందెంలో ఆ వయసు చాలా ఎక్కువ.

వీళ్లను తలచుకునేటప్పుడు మనకు లెనిన్ గుర్తుకు రాడు. నాట్యం, నటన, ఆ ఎత్తైన దూకుడు గుర్తుకు వస్తాయి. ప్రతిబింబంగా పుట్టిన పేరును వీళ్లు తమ పనితో సొంతం చేసుకున్నారు. మాట ఇచ్చింది తల్లిదండ్రులు. దాన్ని నిలబెట్టుకున్నది కూతుళ్లు, అదీ తమ పద్ధతిలో.

మనకు ఇలాంటిది లేదా? ఉన్నది. స్వాతంత్ర్యోద్యమపు రోజుల్లో తెలుగు ఇళ్లలో ఆడపిల్లలకు "స్వరాజ్యం" అని పేరు పెట్టారు. అది ఒక రాజకీయ కోరిక పేరు. వ్యాకరణం ప్రకారం స్త్రీవాచకమే కాదు. అయినా భాగ్యం, మాణిక్యం, రత్నం, సౌభాగ్యం అనే పేర్లతో ఆడవాళ్లను పిలవటం మనకు అలవాటు గనక స్వరాజ్యం వాటి పక్కన సుఖంగా కూచున్నది. రష్యన్‌లో మెత్తని గుర్తు చేసిన పని, తెలుగులో సున్న చేసింది. ఆ పేరుగలవాళ్లలో మల్లు స్వరాజ్యం ఒకరు. 1931లో నల్లగొండ ప్రాంతపు భూస్వామ్య కుటుంబంలో పుట్టి, తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టి, 1978లోనూ 1983లోనూ తుంగతుర్తినుంచి శాసనసభకు ఎన్నికై, 2022లో మరణించింది. పేరు పెట్టినవాళ్లు కోరిన స్వరాజ్యం తెల్లవాడు పోవటంతో వచ్చేది. ఆమె పోరాడిన స్వరాజ్యం దొర పోతేగాని రాదు. పెద్దలు ఇచ్చిన మాట అర్థాన్ని కూతురు పెంచింది.

అంచేత, బిడ్డలకు ఉద్యమాల పేర్లు పెట్టుకునే మిత్రులతో నాకు పేచీ లేదు. మన జిల్లాల్లో లెనిన్‌లూ స్టాలిన్‌లూ మగవాళ్లలో కనిపిస్తారు. వాళ్ల అక్కచెల్లెళ్ల పేర్లు మాత్రం చాలా ఇళ్లలో లక్ష్మి, సరస్వతి దగ్గరే ఆగినాయి. కొడుకు విప్లవానికీ, కూతురు సంప్రదాయానికీ వారసులనే ఈ పంపకాన్ని మన ఇళ్లలో మనమే పరీక్షించుకోవాలి. ఉపాధ్యాయులు తమ బడి హాజరుపట్టీని ఈ దృష్టితో ఒకసారి చదివితే చాలు, ఊరి చరిత్రలో కొంత అక్కడే దొరుకుతుంది.

అయితే పేరుతో పని పూర్తయిందని అనుకోకూడదు. క్రూప్‌స్కయా అడిగింది ఇప్పటికీ మిగిలే ఉన్నది. కూతురికి ఏ పేరు పెట్టామన్నది ఒక ప్రశ్న. ఆమె తల్లి పనికి వెళ్లినప్పుడు ఆ బిడ్డను ఎవరు చూస్తారన్నది అంతకన్న పెద్ద ప్రశ్న. మొదటిదానికి ఒక్క పూట సభ చాలు. రెండోదానికి ఉద్యమం కావాలి.